మోకాలి సంగతి

గుంటూరు,
ఆదివారం.

అమ్మలూ,

ఫోనుండగా ఉత్తరమేంటి నాన్నా అంటావని తెలుసు. ఫోనులో నువ్వు మూడు ముక్కలు మాట్లాడి "క్లాసుంది, మళ్ళీ చేస్తా" అని పెట్టేస్తున్నావు. రాత్రి పదింటికి కూడా క్లాసులు పెడుతున్న కాలేజీ వైజాగులో ఉన్నందుకు సంతోషం. ఉత్తరమైతే మధ్యలో కట్ చేయలేవు.

ఇక్కడ అందరం కులాసా. కార్తీకం కదా, మీ అమ్మ తెల్లవారుజామున చన్నీళ్ళు పోసుకుని రోజంతా తుమ్ముతోంది, వద్దంటే వినదు. బ్రాడీపేటలో మన సందు మళ్ళీ తవ్వారు. పెదబాబు మామయ్యకి షుగరు తగ్గింది, ఆ సంబరంలో రెండు పూతరేకులు లాగించాడట. మొన్న చంటి వచ్చి వెళ్ళింది. నీ స్టేటస్‌లో ఏదో ఫోటో చూశానంది. ఘాట్ రోడ్డు, మంచు, ఒక బండి, పక్కన మోకాలికి కట్టుతో ఎవరో అమ్మాయి. అరగంటలో తీసేశారట. ఇంకెవరో అయ్యుంటారులే అన్నాను. దసరాకి బీసెంట్ రోడ్డులో కొన్న చెప్పులే ఆ కాళ్ళకున్నాయని చంటి పట్టు. చెప్పులేసుకుని బండి మీద అరకు వెళ్ళేంత తెలివితక్కువది కాదు మా అమ్మలు అని చెప్పి పంపించాను.

సరే, ఆ సంగతి వదిలేయ్. మా బడిలో ఈ వారం ఘర్షణ పాఠం. ఘర్షణ కదలికను ఆపుతుందని పిల్లలందరూ రాస్తారు. నడిపేది కూడా అదేనని ఒక్కడూ రాయడు. మనం పాదంతో నేలను వెనక్కి తోస్తే నేల మనల్ని ముందుకు తోస్తుంది, న్యూటన్ 1687లోనే పుస్తకంలో పెట్టాడు. ఆ తోపు ఘర్షణ ద్వారానే అందుతుంది. నమ్మని వాణ్ణి నాచు పట్టిన గట్టు మీద నడవమంటాను.

ఈ పాఠం వచ్చినప్పుడల్లా నాకు మీ తాతయ్య ఎడ్లు గుర్తొస్తాయి. నీకు చెప్పే ఉంటాను, అయినా విను. సంక్రాంతికి మన ఊళ్ళో బండలాగుడు పందెం. నాలుగు పళ్ళ విభాగంలో మన రంగడు, సింగడు దిగాయి. ఆరు నెలలు ఉలవలు పెట్టి మేపాడు తాతయ్య. మాకు ఇంట్లో ఉలవచారు లేదు, ఉలవలన్నీ వాటికే. బండ కదలడానికి మొదట రెండూ మోకాళ్ళ మీదికి వంగిపోయాయి, మెడలు సాగాయి. ఒకసారి కదిలాక మాత్రం నడకలాగా లాక్కుపోయాయి. మొదటి చుట్టు, రెండో చుట్టు. జనం ఈలలు. మూడో చుట్టులో పలుపు వదులైందని వెనక ఉన్న చిన్నాన్న ఆపించాడు. తాతయ్య వద్దురా వద్దురా అని అరుస్తూనే ఉన్నాడు. పలుపు బిగించడానికి ఎంతోసేపు పట్టలేదు. కానీ ఆగిన బండ మళ్ళీ కదిలితేగా! రంగడి గిట్టలు మట్టిని తవ్వేస్తున్నాయి, నేల గుల్లయిపోయి పట్టు దొరకడం లేదు. తాతయ్య ముల్లుగర్ర పక్కన పడేసి ఎడ్ల మెడలు నిమురుతున్నాడు. టైము అయిపోయింది. తర్వాత దిగిన జత మనవాటికంటే బక్కవి. ఎక్కడా ఆపకుండా లాగి ప్రైజు పట్టుకుపోయాయి. చిన్నాన్న ఆ రాత్రి అన్నానికి రాలేదు. మీ బామ్మ క్యారియర్ కట్టి నాతో చావడికి పంపింది.

ఆ తేడాకి పేరుంది. ఆగి ఉన్నప్పుడు ఉండేది స్థైతిక ఘర్షణ, జారుతున్నప్పుడు ఉండేది జారుడు ఘర్షణ. మొదటి దాని గరిష్ఠ విలువ సాధారణంగా రెండో దానికంటే ఎక్కువ. బండ విషయంలో ఇది మనకు శత్రువు. బండి చక్రం విషయంలో ఇదే మనల్ని కాపాడేది. చక్రం దొర్లుతున్నంతసేపూ టైరులో నేలను తాకే ముక్క ఆ క్షణానికి నేల మీద జారదు, అంటే ఉన్నది స్థైతిక ఘర్షణే. బ్రేకు గట్టిగా నొక్కి చక్రం బిగుసుకుపోయిందా, టైరు జారడం మొదలవుతుంది. పట్టు తగ్గుతుంది, హ్యాండిల్ తిప్పినా బండి తిరగదు. ముందు చక్రం బిగుసుకుంటే మనిషి కింద పడటమే. అందుకే ఏబీఎస్ పెట్టారు, చక్రం బిగుసుకోబోతే బ్రేకును వదిలి మళ్ళీ పడుతుంది. 125 సీసీ దాటిన బండ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి. అంతకుముందు కొన్న బండికి ఉండకపోవచ్చు. నీ స్నేహితురాలి బండి ఎప్పటిదో నాకు తెలియదు. ఊరికే అడుగుతున్నా.

నీతులు చెప్పనని మీ అమ్మకి మాటిచ్చి కూర్చున్నాను. ఇవి లెక్కలు, నీతులు కావు. గంటకు 60 కిలోమీటర్ల మీద వెళ్తూ బ్రేకు వేస్తే పొడి రోడ్డు మీద సుమారు 20 మీటర్లకు ఆగుతుంది, తడి రోడ్డు మీద 35 దాకా పోతుంది. ఇది ఘర్షణ గుణకం, అంటే రోడ్డు పట్టు ఎంతో చెప్పే అంకె, పొడి రోడ్డుకి 0.7, తడి రోడ్డుకి 0.4 అనుకుని వేసిన లెక్క. నీ చెయ్యి బ్రేకు మీదికి పోయే ఒక్క సెకనులో ఇంకో 17 మీటర్లు అయిపోతాయి. వడి రెట్టింపైతే బ్రేకు పడ్డాక ఆగే దూరం నాలుగింతలు. బరువైన బండి రోడ్డును గట్టిగా పట్టుకుంటుందని కుర్రాళ్ళు అంటుంటారు. బరువుతో పాటు ఘర్షణ పెరిగేది నిజమే, 1699లో ఫ్రెంచి శాస్త్రవేత్త అమాంటన్స్ చెప్పిందే అది. కానీ ఆపాల్సిన ద్రవ్యరాశి కూడా అంతే పెరిగింది కదా! లెక్కలో రెండూ కొట్టేసుకుంటాయి.

మలుపు సంగతి వేరే. టైరుకున్న పట్టు నెల జీతం లాంటిది, మలుపు తిరగడానికి ఖర్చయింది పోగా మిగిలిందే బ్రేకుకి. అందుకే మలుపుకి ముందే వేగం తగ్గించాలి, మలుపులో బ్రేకు నొక్కకూడదు. 20 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపు, తడి రోడ్డు, రోడ్డు లోపలి వైపుకి వాలుగా లేదనుకో. గంటకు 32 కిలోమీటర్లు దాటితే ఘర్షణ చాలదు. అనంతగిరి దాకా ఘాట్‌లో అలాంటి మలుపులే, పైన కాఫీ తోటల నుంచి నీళ్ళు కారుతూ ఉంటాయి. నువ్వు వెళ్ళావని కాదు, వెళ్ళే వాళ్ళకి చెప్పు. టైరు మీది గాడులు అరిగిపోయి ఉంటే ఇంకా ప్రమాదం, నీళ్ళు పక్కకి పోవడానికి దారుండదు. హెల్మెట్ వెనక కూర్చున్న వాళ్ళకి కూడా. స్ట్రాప్ బిగించకపోతే పెట్టుకోనట్టే.

దెబ్బ తగిలి చర్మం గీరుకుపోతే ముందు ఇసుక అంతా పోయేలా సబ్బునీళ్ళతో కడగాలి, పసుపు పూసి వదిలేస్తే చాలదు. టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు చేయించుకున్నావో గుర్తుందా? మెట్లు దిగేటప్పుడు నొప్పి ఉంటే ఎక్స్‌రే తీయించుకో, డబ్బు గురించి ఆలోచించకు. మీ అమ్మకి చెప్పనులే. ఆవిడకి ఎప్పుడో తెలుసు, నేను అడగాలని చూస్తోంది.

శనివారం మామయ్య సింహాద్రి ఎక్స్‌ప్రెస్‌లో వస్తున్నాడు. గోంగూర, పండుమిర్చి పచ్చడి, నీకు ఇష్టమని కారప్పూస పంపిస్తున్నాం. పచ్చడి సీసా మీద నూనె తేలుతూ ఉండాలి, తడి చెంచా పెట్టకు. ఒక డబ్బాలో మోకాలికి కట్టుకునే ఎలాస్టిక్ బెల్టు కూడా పెట్టాను, ఎవరికైనా పనికొస్తుంది. సైజు చూసి మామయ్యకి చెప్పు, చిన్నదైతే మారుస్తాడు. స్టేషన్‌కి ఆటోలో వెళ్ళు, డబ్బులు వేస్తాను. బండి మీద ఎవరూ దింపనక్కర్లేదు.

నాన్న