అరిసెలు ఎందుకు ఆగాయంటే

అందరికీ నమస్కారం. బతుకమ్మకు, దసరాకు అరిసెలు కావాలని అడ్వాన్సు కట్టి, నా ఫోన్ కోసం ఎదురుచూస్తున్న 34 ఇళ్ళ వాళ్ళకు ముందుగా క్షమాపణ. "పిండి మర లేదండీ, వచ్చే వారం చూద్దాం" అని ముక్తసరిగా చెప్పి పెట్టేశాను. అది అబద్ధం కాదు, అలాగని అసలు సంగతీ కాదు. కౌంటర్ దగ్గర నిలబడి చెప్పుకునేంత చిన్నది కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మన అరిసెల పిండి నేను పట్టను. ఆరేళ్ళుగా ఈ మాట ఎవరికీ చెప్పలేదు. జార్జియాలో, అట్లాంటా దగ్గరి డులూత్‌లో మన షాపున్న ప్లాజాలో సగం బోర్డులు కొరియన్‌లోనే ఉంటాయని మీకు తెలుసు. మనకు రెండు తలుపుల అవతల ఉన్నది తొక్ కొట్టు. తొక్ అంటే మన తొక్కు కాదు, బియ్యప్పిండితో చేసే వాళ్ళ పిండివంట. దాని వెనక గదిలో ఉన్న రోలర్ల మరే మన అరిసెల గుట్టు.

అరిసెకు తడి పిండి కావాలి. బియ్యం రాత్రంతా నానాలి, వడగట్టి బట్ట మీద పరిచాక, ఇంకా వేళ్ళకు చెమ్మ తగులుతుండగానే పట్టాలి. పాకెట్ పిండితో చేస్తే పాకం పట్టదు, నూనెలో వేయగానే విచ్చిపోతుంది. మొదటి ఏడాది పట్టుదలకు పోయి రెండు మిక్సీలు కాల్చాను. వాళ్ళు తొక్‌కు పట్టేదీ నానబెట్టిన బియ్యమేనని తెలిశాక టబ్బు నెత్తిన పెట్టుకున్నంత పని చేసి వెళ్ళాను. రోలర్ల కింద నుంచి పిండి తెల్లగా, మెత్తగా రాలుతుంటే హిందూపురంలో మా అమ్మమ్మ రోటి దగ్గర కూర్చున్నట్టు అనిపించింది. తీరా పాకంలో కలిపి వండితే అరిసెలు ఉప్పగా ఉన్నాయి! వాళ్ళు పిండి పట్టేటప్పుడే గుప్పెడు ఉప్పు వేస్తారట, ఆ కొట్టు యజమాని అలవాటుగా వేసేశాడు. అడగకపోవడం నా తప్పే. అప్పటి నుంచి టబ్బు ఇచ్చేటప్పుడు "సోగుమ్, నో" అంటాను. సోగుమ్ అంటే ఉప్పు. ఆయన నవ్వుతాడు. ప్లాజాలో అందరూ ఆయన్ను సాజంగ్‌నిమ్ అంటారు, యజమాని గారూ అని. వాళ్ళావిడ నన్ను ఉన్నీ అంటుంది, అంటే అక్క. కె-డ్రామాలు చూసే మా అమ్మాయి చెప్పే దాకా అది నాకు పెట్టిన పేరేమో అనుకున్నాను.

2025 సెప్టెంబర్ 5, శుక్రవారం టబ్బు పట్టుకుని వెళ్తే తలుపుకు తాళం. చేత్తో రాసిన కాగితం అంటించి ఉంది.

ముందు రోజు, సెప్టెంబర్ 4న, సవానా దగ్గర ఎలబెల్‌లో హ్యుందాయ్, ఎల్‌జీ కలిసి కడుతున్న బ్యాటరీ ఫ్యాక్టరీ మీద ఇమిగ్రేషన్ వాళ్ళు పడి 475 మందిని పట్టుకున్నారు. అందులో 317 మంది కొరియన్లు. చేతులకు, నడుముకు, కాళ్ళకు గొలుసులు వేసి బస్సు దగ్గరికి నడిపించిన వీడియో మీరూ చూసే ఉంటారు. సాజంగ్‌నిమ్ చెల్లెలి కొడుకు ఆ 317 మందిలో ఉన్నాడు. ఆ అబ్బాయిని మీలో కొందరు చూశారు కూడా. ఆగస్టులో ఒక ఆదివారం మన కౌంటర్ దగ్గర నిలబడి మూడు మిరపకాయ బజ్జీలు తిని, ముక్కు తుడుచుకుంటూ నాలుగోది అడిగినవాడు. మెషీన్లు బిగించి, సెట్ చేసి, ఇక్కడి వాళ్ళకు నేర్పి వెళ్ళిపోయే పని. మూడు నెలల పని మీద వచ్చాడు.

ఆ వారాంతం మన షాపులో నడిచిన మాటలు నాకు బాగా గుర్తు. "టూరిస్టుల్లా వచ్చి పని చేస్తే పట్టుకోరా ఆంటీ? మనలాగా లైన్లో నిలబడి వీసా తెచ్చుకోవాలి" అన్నాడు ఒకాయన, సాంబారు డబ్బా మూత నొక్కుకుంటూ. పక్కనున్న ఇద్దరు అవునన్నారు. నేనూ తలూపాను. ఇది ఒప్పుకోవడానికే సగం ఈ ఉత్తరం. రెండు తలుపుల అవతల తాళం ఎందుకు పడిందో తెలిసి కూడా తలూపాను.

తర్వాత విషయం కనుక్కున్నాను. బయటి దేశంలో కొన్న మెషీన్లను బిగించడానికి, వాటి మీద శిక్షణ ఇవ్వడానికి బి-1 అనే తాత్కాలిక బిజినెస్ వీసా మీద రావచ్చని ఇక్కడి రూల్సులోనే ఉంది. కొందరు ఎస్టా మీద, అంటే వీసా లేకుండా 90 రోజులు ఉండనిచ్చే అనుమతి మీద, వచ్చిన మాటా నిజమే. కానీ వాళ్ళు నిలబడడానికి లైనేది? ఆస్ట్రేలియా వాళ్ళకు ఏడాదికి 10,500 వర్క్ వీసాలు విడిగా ఉన్నాయి, సింగపూర్‌కు 5,400 ఉన్నాయి. కొరియాతో వ్యాపార ఒప్పందం 2012 నుంచి నడుస్తున్నా వాళ్ళకు విడిగా ఒక్కటీ లేదు. 15,000 ఇద్దామని 2013 నుంచి బిల్లు పెడుతూనే ఉన్నారు, అది కదలదు. ఫ్యాక్టరీ మాత్రం తొందరగా లేవాలి. వందల కోట్ల డాలర్ల పెట్టుబడి అని రిబ్బన్లు కత్తిరించిన వాళ్ళంతా బాగానే ఉన్నారు, గొలుసులు పడింది కింది కాంట్రాక్టర్ పంపిన కుర్రాళ్ళకు. కంపెనీల తప్పు లేదని నేను అనను. ఏ కాగితం మీద ఎవర్ని పంపుతున్నారో వాళ్ళకు తెలియదా? మన కన్సల్టెన్సీల సంగతి చూసిన వాళ్ళం, ఆ మాత్రం అర్థం కాదా?

మా ఊరి పక్కన పెనుకొండలో కియా ఫ్యాక్టరీ పెట్టినప్పుడూ ఇలాగే కొరియా నుంచి మనుషులు వచ్చారు. 2017లో ఒప్పందమైతే 2019లో కార్లు బయటికొచ్చాయి. మా బాబాయి మేడ మీద వాటా వాళ్ళకే అద్దెకిచ్చి, ఎండుచేపల వాసన అని నెల రోజులు గొణిగి, ఆ తర్వాత వాళ్ళతోనే కూర్చుని తినేవాడు. వచ్చారు, బిగించారు, మన పిల్లలకు నేర్పారు, చాలామంది వెళ్ళిపోయారు.

సాజంగ్‌నిమ్ ఆ శుక్రవారమే ఫోక్‌స్టన్ వెళ్ళాడు. వాళ్ళను ఉంచిన డిటెన్షన్ సెంటర్ అక్కడ, ఫ్లోరిడా సరిహద్దు దగ్గర. ఇక్కడి నుంచి కారులో ఐదు గంటల పైనే. వాళ్ళను వెనక్కి తీసుకెళ్ళే విమానం పదో తేదీ అన్నారు, మళ్ళీ ఒక రోజు ఆగింది. వాళ్ళను ఉంచుకుని ఇక్కడి వాళ్ళకు పని నేర్పిద్దామా అని అధ్యక్షుడు ట్రంప్ ఆలోచనట! గొలుసులు వేసిన చేతులతోనే నేర్పించాలి కాబోలు. విమానం ఎక్కేటప్పుడు బేడీలు వేయకూడదని కొరియా ప్రభుత్వం గట్టిగా పట్టుబట్టింది. 11వ తేదీన అట్లాంటా నుంచి ఆ 317 మందిలో 316 మంది చార్టర్ విమానంలో బయల్దేరి మర్నాడు ఇంచాన్‌లో దిగారు. ఫిబ్రవరిలో మనవాళ్ళను 104 మందిని సైనిక విమానంలో సంకెళ్ళతోనే అమృత్‌సర్‌లో దించినప్పుడు మన ప్రభుత్వం ఇంత గట్టిగా పట్టుబట్టలేదే అని మా ఆయన అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

అబ్బాయి సూట్‌కేసు మాత్రం సవానాలో ఉండిపోయింది. ఆయన వెళ్ళి తెచ్చాడు. ఇప్పుడది మర గదిలో బియ్యం బస్తాల వెనక ఉంది, ఇనప ముక్కు బూట్లు దాని మీద పెట్టి ఉన్నాయి. కొరియర్‌లో పంపేయొచ్చు కదా అన్నాను. మళ్ళీ వస్తాడేమో అంది వాళ్ళావిడ. వాడు రానంటున్నాడు అన్నాడు ఆయన.

ఇక 19వ తేదీ శుక్రవారం రాత్రి సంగతి. హెచ్-1బి వర్క్ వీసా మీద లక్ష డాలర్ల ఫీజు అని వార్త. మూసే వేళకు ఫోన్. సాంబారు డబ్బా ఆయనే. వాళ్ళావిడ చెల్లెలి పెళ్ళికని విజయవాడలో ఉంది, ఆదివారం లోపల రాకపోతే ఇక రానివ్వరంటున్నారు, టికెట్ మూడు రెట్లుంది, ఏం చేయమంటారు ఆంటీ అని. గొంతు వణుకుతోంది. మర్నాటికి, కొత్త దరఖాస్తులకే అని తేలింది గానీ, ఆ రాత్రి మాత్రం ఎవరికీ నిద్రలేదు. ఆయన ఇది చదివితే నొచ్చుకోవచ్చు. బాబూ, ఆ రోజు నీతో పాటు తలూపింది నేనే.

సరే, షాపు విషయాలు. మర మళ్ళీ తిరుగుతోంది, కానీ వాళ్ళ చుసోక్ పండుగ అక్టోబర్ 6న, మన ఆశ్వయుజ పౌర్ణమి నాడే. వాళ్ళకు ఊపిరాడని పని. నాకు తెల్లవారుజామున ఐదింటికి ఒక గంట ఇచ్చారు. అందుకని సద్దుల బతుకమ్మకు, అంటే 30వ తేదీకి, పాత ఆర్డర్లు మాత్రమే. వద్దనుకుంటే అడ్వాన్సు వెనక్కిస్తాను, మొహమాటపడకండి. కొత్త ఆర్డర్లు అక్టోబర్ 8 నుంచి, దీపావళికి. 2025 ఆగస్టు చివర్లో ఇండియా సరుకు మీద సుంకం 50 శాతమయ్యాక బెల్లం, ఎండుమిర్చి, పచ్చళ్ళు అన్నీ పెరిగాయి. అరిసెలు పౌనుకు డాలరున్నర పెంచక తప్పలేదు. పాత ఆర్డర్లకు పాత ధరే.

ఇంకొకటి. వచ్చే ఆదివారం దాకా మన కౌంటర్ పక్కన వాళ్ళ సొంగ్‌ప్యోన్ ట్రేలు ఉంటాయి. చూడ్డానికి కజ్జికాయ, వండేది కుడుములాగా ఆవిరి మీద, కింద పైన్ ఆకులు పరిచి. లోపల నువ్వులు, పంచదార, పైన నువ్వుల నూనె. గుడ్డు లేదు, నేను దగ్గరుండి చూశాను. పిండిలో ఉప్పు మాత్రం ఉంటుంది.