నాన్నగారి నడక గురించి అన్నయ్యకు

సింగపూర్,
మే 18.

అన్నయ్యకు, వదినగారికి నమస్కారాలు. పిల్లలకు ఆశీస్సులు.

మేమంతా క్షేమం. దసరా వెళ్లాక అమ్మానాన్నలను రాజమండ్రి నుంచి హైదరాబాద్ శివారులోని శంకరపల్లి దగ్గర నువ్వు కొన్న విల్లాకు తెచ్చుకుంటానన్నావు. అది వద్దని ఫోనులో చెప్పడానికి నాకు నోరు పెగలలేదు కనుక ఉత్తరంలో రాస్తున్నాను, మరోలా అనుకోవద్దు.

మా పక్క ఫ్లాటులో 82 ఏళ్ల చైనీయుల ముసలావిడ ఒంటరిగా ఉంటారు. రోజూ ఏడింటికి చక్రాల సంచీ లాక్కుంటూ మార్కెట్టుకు బయలుదేరి, సిగ్నల్ దగ్గర స్తంభానికి తన సీనియర్ కార్డు ఆనిస్తారు. రోడ్డు వెడల్పును బట్టి, నడిచేవారు దాటవచ్చని చూపే పచ్చబొమ్మ మరో 3 నుంచి 13 సెకన్లు వెలుగుతుంది. ఈ ఏర్పాటు 2009 నుంచీ ఉంది. ఆవిడ ఆకుకూర బేరమాడి, బ్లాకు కింద ఆడేవారి చదరంగంలో తప్పులు పట్టి, పదింటికి ఇల్లు చేరతారు. దాన్ని ఆవిడ వ్యాయామమని ఎన్నడూ అనుకోలేదు.

నాన్నగారు ఇన్నీసుపేటలో చేసేదీ అదే కదా! పాల ప్యాకెట్టుకు ఒక సందు, గోదావరి గట్టుకు మరొక సందు, మందుల షాపు దగ్గర క్రికెట్ మీద వాదన. జ్ఞాపకాలను నిలిపేదీ, దారులను గుర్తుపెట్టేదీ మెదడులోని హిప్పోకాంపస్ అనే భాగం; అల్జీమర్స్ మొదట్లోనే దెబ్బతీసేది కూడా దాన్నే. 2011లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో 120 మంది పెద్దవారిలో సగం మంది వారానికి మూడు రోజులు, 40 నిమిషాల వంతున ఏడాదిపాటు నడిస్తే వారి హిప్పోకాంపస్ సుమారు 2 శాతం పెరిగింది. ఒళ్లు సాగదీసే వ్యాయామాలతో సరిపెట్టుకున్న మిగతా సగం మందిలో అది 1.4 శాతం తగ్గింది.

క్లబ్ హౌసులో ట్రెడ్‌మిల్ ఉంది కదా అంటావు. కాళ్లకు అది చాలు, కాదనను. కానీ అక్కడ మలుపు గుర్తుపెట్టుకోనక్కర లేదు, చిల్లర లెక్క చూసుకోనక్కర లేదు, పలకరించే మనిషీ ఉండడు. పైగా విల్లా గేటు దాటితే కిరాణా కొట్టుకైనా కారు తీయాల్సిందే, నాన్నగారికి డ్రైవింగు రాదు. నడవదగిన వీధుల్లో ఉండేవారి బుర్ర చురుగ్గా ఉంటుందని చెప్పే అధ్యయనాల్లో ఒక చిక్కుందని నాకూ తెలుసు: బుర్ర బాగున్నవారే ఎక్కువగా తిరుగుతారేమో, ఏది కారణమో ఏది ఫలితమో విడదీయడం కష్టం. అయినా డెబ్బై నాలుగేళ్ల మనిషిని అలవాటైన వీధి నుంచి పెకలించి ఆ సంగతి తేల్చుకోవడం నాకు ఇష్టం లేదు.

మన వీధి స్వర్గమేమీ కాదు, ఫుట్‌పాత్ లేదు, మోటారు సైకిళ్లు ఒంటిని రాసుకుంటూ పోతాయి. కాబట్టి ఊరు మార్చే ఖర్చులో కొంత అక్కడే పెడదాం. లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో డిమెన్షియాకు, అంటే అల్జీమర్స్ లాంటి మతి తప్పే జబ్బులకు దారితీసే, మనం అడ్డుకోగల 14 కారణాలు చెప్పింది. వాటిలో కదలకపోవడం, ఒంటరితనంతోపాటు చికిత్స చేయించని చూపు లోపం కూడా ఉంది. రెండేళ్లుగా వాయిదా వేస్తున్న ఆయన శుక్లాల ఆపరేషన్ ఈ నెలలోనే చేయించు, డబ్బు నేను పంపుతాను. మలుపులో కాలువ మీద పగిలిన పలక కూడా వానలు పడకముందే మార్పించు. పోయినసారి ఆయన కాలు జారింది అక్కడే, అమ్మ నీకు చెప్పలేదు.

ఇట్లు,
నీ తమ్ముడు