మృగశిర లోపు మీనార్ల గచ్చు పని పూర్తి కావాలి: పాత మసీదు కమిటీ విరాళాల విజ్ఞప్తి

అస్సలాము అలైకుమ్. ఊరి పెద్దలకు నమస్కారం.

గుట్ట కింది మసీదు మీకు కొత్త కాదు. కుతుబ్‌షాహీల నాటిది. కింద రాయి, పైన ఇటుక, దానిమీద గచ్చులో, అంటే సున్నపు పూతలో తీసిన పూలు, లతలు, గుమ్మటం మొదట్లో తామర రేకులు. ఇప్పుడు ఎడమ మీనారు రేకుల్ని వేలితో తడితే డొల్లగా మోగుతున్నాయి. 2019లో చార్మినార్ మీనారుకే గచ్చు పెళ్ళ ఊడిపడింది, మనదెంత?

తప్పు వానది కాదు. ఇదివరకు పగుళ్ళకు సిమెంటు మెత్తించింది మనమే. గోడలోకి దిగిన చెమ్మను గచ్చు బయటికి వదులుతుంది, సిమెంటు వదలదు. ఆ చెమ్మలోని ఉప్పు వెనకే పేరుకుని పొంగి, పక్కనున్న పాత పూలను కూడా ఊడదీస్తుంది.

సిమెంటును చిన్న ఉలితోనే తీయాలి, మిషను పెడితే పూలు పోతాయి. పగుళ్ళలో మొలిచిన రావి మొక్కను పీకితే ఇటుకలూ వస్తాయి, మొదలు కోసి వేరును ఎండనివ్వాలి. నెలరోజులు నానిన సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్ళు గానుగలో తిప్పి కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు కలపాలి. పొర అరంగుళం దాటితే నెర్రెలిస్తుంది. ఆపైన పది రోజులు తడి గోనెలు. పచ్చి గచ్చు మీద వాన పడిందా, సున్నం కొట్టుకుపోయి ఇసుకే మిగులుతుంది. ఎనామిల్ రంగు డబ్బాలు మాత్రం దయచేసి ఇవ్వకండి, పోయినసారివే మూలన ఉన్నాయి.

ఖర్చు ఆరు లక్షల పైమాటే, వచ్చింది రెండు లక్షల చిల్లర. వజూ కుళాయిలు (నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునేవి), మైకు మిగిలితే చూద్దాం.

ప్రహరీ కూలినప్పుడు అడగకముందే దుబాయ్ నుంచి పంపారు, రైతులు బండ్లతో ఇసుక తోలారు. ఈసారి గ్రూపులో దండం బొమ్మ పెట్టి ఊరుకున్నారు. హైదరాబాద్ మక్కా మసీదుకు 1617లో పునాది పడితే 1694కి పూర్తయింది. మనకూ అంత ఓపిక ఉంది, మీనారుకే లేదు. ఆ మక్కా మసీదు పనిలో రూపాయి ఖర్చుకో దమ్డీ (చిన్న నాణెం) చొప్పున ముట్టిన సొమ్ముతోనే, ఆ పని చూసిన మూసాఖాన్ హైదరాబాద్ కార్వాన్‌లో తోలి మసీదు కట్టించాడంటారు, అందుకే అది దమ్డీ మసీదు. కాబట్టి వంద రూపాయలైనా చిన్నది కాదు. అల్లాహ్ ఇంటికి పెట్టింది సదఖా-ఎ-జారియా, అంటే ఆగని దానం, మన తర్వాత కూడా సవాబ్ (పుణ్యం) అందుతూనే ఉంటుంది.

జకాత్ సొమ్ము తీసుకోం, అది పేదల హక్కు. లిల్లాహ్ (అల్లాహ్ పేరున ఇచ్చే మామూలు విరాళం) అని చెప్పి ఇవ్వండి. సున్నం తొట్టిలో నానుతోంది. మేస్త్రీకి వచ్చే జుమా లోపు బయానా ఇవ్వాలి. మసీదు వ్యవహారాలు చూసే ముతవల్లి సాబ్ దగ్గర రశీదు తీసుకోండి.