వారానికి ఒక్క పొద్దు మా వీధిని మాకివ్వండి

సంపాదకుడి గారికి నమస్కారం.

మాది హైదరాబాద్‌లో మల్కాజ్‌గిరి వైపు ఒక పాత కాలనీ. బడి పంతులమ్మగా పనిచేసి మూడేళ్ల కిందట రిటైర్ అయ్యాను. మోకాళ్ల నొప్పులకి డాక్టర్ గారు రోజూ అరగంట నడవమన్నారు. నడవడానికి నాకేమీ బద్ధకం లేదు. నడిచే చోటే లేదు.

మా మెయిన్ రోడ్డు పక్కన ఫుట్‌పాత్ అని ఒకటుంది. దాని మీద ట్రాన్స్‌ఫార్మర్, ఆగి ఉన్న బైకులు, ఎవరో ఇల్లు కట్టుకుంటూ పోయించిన ఇసుక కుప్ప. ఇడ్లీ బండి పెట్టుకున్న అతన్ని మాత్రం నేను తప్పుపట్టను, అతనికీ వేరే చోటు లేదు. ఒక వానాకాలం నాలా మీద పగిలిన బండ చూసుకోక కాలు దిగబడి పడ్డాను. మణికట్టుకు కట్టుతో నెలన్నర ఇంట్లోనే కూర్చున్నాను. కట్టు విప్పాక కూడా చాలా రోజులు గేటు దాటాలంటే టెన్షన్‌గా ఉండేది.

వ్యాయామం కొత్తగా మొదలుపెట్టేవాళ్లు పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత వేగంతోనే నడవాలని, ఆయాసంతో మాట తెగుతుంటే తగ్గించాలని, ఛాతీలో నొప్పి గానీ తల తిరగడం గానీ అనిపిస్తే వెంటనే ఆగిపోవాలని డాక్టర్లు చెబుతారు. ఇవన్నీ మంచి మాటలే. కానీ వెనక హారన్ మోగితే మోకాళ్ల సంగతి మర్చిపోయి పక్కకి గెంతాల్సిన రోడ్డు మీద ఈ జాగ్రత్తలు ఎలా పాటించాలి? పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మా కాలనీలో నా వయసు ఆడవాళ్లలో ఎక్కువమంది మిద్దె మీద వాటర్ ట్యాంకు చుట్టూ తిరిగే ఆ లెక్క పూర్తి చేసుకుంటున్నారు.

రంగుల సంగతి కూడా చెప్పాలి. నాకు చిన్నప్పటి నుంచీ రంగులంటే ప్రాణం. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ లేత రంగు చీరలే కట్టాను. రిటైర్ అయ్యాక పోచంపల్లి ఇక్కత్ బట్ట తెచ్చుకుని నడకకి కుర్తాలు కుట్టించుకున్నాను. నేయకముందే దారాలకు ముడులు కట్టి రంగుల్లో ముంచి, ఆ తర్వాత మగ్గం ఎక్కిస్తారు కాబట్టి ఆ డిజైన్ అంచులు కాస్త చెదిరినట్టు ఉంటాయి. నాకు ఆ చెదురే ఇష్టం. ఒకటి పసుపు, ఒకటి రాణి రంగు, ఇంకొకటి చిలకపచ్చ. "ఈ వయసులో ఇవేం రంగులమ్మా" అన్నవాళ్లున్నారు. డిసెంబర్ పొగమంచులో నల్ల శాలువా కప్పుకుని నడిచే మనిషి బండి దగ్గరికి వచ్చేదాకా కనబడదు. నా పసుపు కుర్తా వీధి చివరి నుంచే కనబడుతుంది. ఇష్టం కోసం వేసుకున్న రంగు ప్రాణానికి కాపలా కూడా కాస్తోంది. అలా అన్నవాళ్లలో ఒకావిడ మొన్న వచ్చి ఆ దుకాణం ఎక్కడని అడిగింది, నాకు చాలా సంతోషం వేసింది.

నేను అడగబోయేది కొత్తదేమీ కాదు. ఏటా బతుకమ్మ తొమ్మిది రోజులూ మా వీధి మాదే. ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాకా, సాయంత్రమయ్యేసరికి ఎవరూ చెప్పకుండానే బండ్లు పక్క వీధిలోంచి తిరిగి వెళ్తాయి. గునుగు పూలు అసలైతే తెల్లగా ఉంటాయి. వాటికి ఎరుపు, నీలం అద్ది, తంగేడు, బంతి, కట్లపూలతో కలిపి తాంబాళంలో వరసలు పేర్చడానికి పదేళ్ల పిల్లా డెబ్బై ఏళ్ల అవ్వా పక్కపక్కన కూర్చుంటారు. తర్వాత పెట్టెలోని మంచి చీరలన్నీ బయటికొస్తాయి. చప్పట్లు కొడుతూ, నడుము వంచుతూ, పాట అందుకుంటూ గంటన్నర తిరుగుతాం. మిగతా రోజుల్లో పది నిమిషాలు నిలబడలేనని కుర్చీ అడిగేవాళ్లు కూడా ఆ రోజు ఆట మధ్యలో ఆగరు. ముచ్చటైన బట్ట కట్టుకోవడం, ఒళ్లు కదిలించడం, చేతులతో అందమైనది చేయడం అన్నీ ఆ వీధిలోనే ఒక్క పూటలో జరిగిపోతాయి. సద్దుల మర్నాడు మళ్లీ బండ్లు వస్తాయి, మేము ఇళ్లలోకి వెళ్లిపోతాం.

ముగ్గుల గతి అంతకన్నా బాధగా ఉంది. మా అమ్మ సాంపి చల్లి వాకిలంతా చుక్కలు పెడితే, బడికెళ్లే పిల్లలం ముగ్గు తొక్కకుండా ఒంటికాలి మీద దాటేవాళ్లం. ఇప్పుడు సంక్రాంతి ముగ్గు మీద గంటలోపే టైరు గుర్తులు పడుతున్నాయి. అపార్ట్‌మెంట్లలో గుమ్మం ముందు స్టిక్కర్ ముగ్గులు అంటిస్తున్నారు. వాటితో పిల్లలకి చుక్క కలపడం ఎలా వస్తుంది?

2021 ఆగస్టు చివర్లో ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రాలు వాహనాలు ఆపి జనానికి వదిలినప్పుడు మనవరాలిని తీసుకుని వెళ్లాను. హుస్సేన్‌సాగర్ గట్టు మీద అంత నిదానంగా నడవడం నాకదే మొదటిసారి. తర్వాత అక్టోబరులో చార్మినార్ దగ్గర కూడా అలాగే చేశారు. మంచి పని. కానీ ట్యాంక్‌బండ్ వెళ్లాలంటే మాకు రెండు బస్సులు మారాలి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు, చంటిపిల్లల తల్లులు నడక కోసం అంత దూరం వెళ్లలేరు. కొలంబియాలోని బొగోటా నగరంలో 1974 నుంచి ఆదివారాలు, సెలవు రోజుల్లో పొద్దున 7 నుంచి మధ్యాహ్నం 2 దాకా 100 కిలోమీటర్లకు పైగా రోడ్లను నడిచేవాళ్లకి, సైకిళ్లవాళ్లకి వదిలేస్తున్నారు. అది ఊరంతా పరుచుకున్న ఏర్పాటు కాబట్టే అన్నేళ్లు నిలిచిందని నేను అనుకుంటున్నాను.

నగరపాలక సంస్థను, ట్రాఫిక్ పోలీసులను మీ పత్రిక ద్వారా అడుగుతున్నది ఇదీ. ప్రతి డివిజన్‌లో ఒక్క వీధిని ఆదివారం పొద్దున 6 నుంచి 9 దాకా వాహనాలు లేకుండా ఉంచండి. బస్సులు తిరిగే రోడ్డు వద్దు, లోపలి వీధి చాలు. రెండు బారికేడ్లు, ఒక హోంగార్డు సరిపోతారు. అంబులెన్స్ వస్తే తీయడానికి వీలుగా బారికేడ్లు తేలికవి పెట్టాలి. ఆ వీధిలో ఇళ్లున్నవాళ్లకి ముందురోజే చెబితే కార్లు బయట పెట్టుకుంటారు. ఇడ్లీ బండి ఉండాల్సిందే, నడిచినవాళ్లకి ఆకలేస్తుంది. దారిలో పగిలిన నాలా బండలు మాత్రం మొదటి ఆదివారానికి ముందే మార్చాలి.

వారానికి ఒక్క పొద్దుతో 150 నిమిషాలు నిండవని తెలుసు. కానీ ఇరుగుపొరుగుతో కలిసి ఆదివారం నడిచిన మనిషి సోమవారం ఒంటరిగానైనా గేటు దాటుతుంది. నా విషయంలో ట్యాంక్‌బండ్ తర్వాత జరిగింది అదే.

మా వీధిలో 31 ఇళ్లవాళ్లం సంతకాలు పెట్టిన కాగితం సిద్ధంగా ఉంది. ఎవరికి ఇవ్వాలో అధికారులు చెబితే మర్నాడే తెచ్చి ఇస్తాం. పిల్లలకి ముగ్గుపిండి, రంగులు, సుద్దముక్కలు నేను తెస్తాను. చుక్కలు కలపడం నేర్పే పని కూడా నాదే.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్,
మల్కాజ్‌గిరి, హైదరాబాద్