మొక్కజొన్న ఇథనాల్ లెక్క పొలం నుంచి మొదలుపెట్టండి

కేంద్ర పెట్రోలియం, సహజవాయువు శాఖ కార్యదర్శి గారికి నమస్కారం.

పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ (చెరకు, గింజల నుంచి తీసే ఆల్కహాల్) కలపాలన్న లక్ష్యాన్ని 2030 నుంచి 2025కి జరిపి మరీ సాధించారు. ముడిచమురు దిగుమతి తగ్గుతుందన్న మాటను నేనూ కాదనను. కానీ మొక్కజొన్న ఇథనాల్ పర్యావరణానికి మంచిదని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎలా? ఈ పంటకు యూరియా బాగా పట్టాలి. ఆ యూరియా తయారయ్యేది సహజవాయువుతోనే, అందులోనూ చాలా భాగం దిగుమతే. యాసంగిలో బోరు నీళ్లు, ఆ మోటారుకు కరెంటు, ఇథనాల్ తయారుచేసే డిస్టిలరీ బాయిలర్‌లో బొగ్గో ఊకో. ఇవన్నీ కలిపాక గాలిలోకి పోయే కర్బనం నిజంగా ఎంత తగ్గుతోందో లెక్కకట్టి ప్రజల ముందు పెట్టండి.

గింజ ఇథనాల్‌కు పోతే కోళ్ల మేత సంగతేంటో కూడా చూడాలి. ఆంధ్ర, తెలంగాణ కోళ్లఫారాలు బతికేది మొక్కజొన్న మీదే. 2024లో దేశం ఈ గింజను దిగుమతి చేసుకుంది. గుడ్డు ధర పెరిగితే టెన్షన్ పేదింటికే. అలాగని రైతు నోటికాడ ముద్ద తీయమనడం లేదు. 2025-26కి మద్దతు ధర క్వింటాలుకు 2,400 రూపాయలు. అంతకు తక్కువకు కొన్న డిస్టిలరీ నుంచి ఇథనాల్ తీసుకోవద్దు.

లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే దాదాపు మూడో వంతు తక్కువ. పాత బండ్లవాళ్ల కోసం బంకుల్లో ఇ-10, అంటే 10 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ కూడా ఉంచండి.

ఇట్లు,
ఖమ్మం జిల్లా మొక్కజొన్న రైతు