స్కానర్ గన్‌కీ ఛాతీకీ మధ్య జానెడు

చిరంజీవి స్వాతికి,

నాన్న దీవెనలు. గోడౌన్‌లో పెట్టెల మీది బార్‌కోడ్ చదివే స్కానర్ గన్ ఇచ్చారని నువ్వు చెప్పినప్పటి నుంచి మీ అమ్మకు ఒకటే టెన్షన్. గుండెను నడిపే పేస్‌మేకర్ ఒంట్లో ఉన్న పిల్ల చేతికి వైర్‌లెస్ మిషన్ ఎలా ఇస్తారు, ఉద్యోగం మానేసి వచ్చేయమనండి అంటూ నన్ను నిలవనివ్వడం లేదు. ఫోన్లో చెబితే సరే నాన్నా, సరే నాన్నా అని పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఉద్యోగం మానక్కర్లేదు తల్లీ. జాగ్రత్తలు మాత్రం గట్టిగా పాటించాలి.

గన్‌లోంచి వచ్చే ఎర్ర లైటు ఉత్త వెలుతురే. అది పేస్‌మేకర్‌ను ఏమీ చేయదు, ఎవరి కళ్లలోకీ కొట్టకపోతే చాలు. చదివిన నంబర్‌ను కంప్యూటర్‌కు పంపేది బ్లూటూత్. బ్లూటూత్‌లో ఎక్కువ పవర్ ఉన్న రకం కూడా 100 మిల్లీవాట్లు దాటదు. పాత 2జీ ఫోన్లు సిగ్నల్ సరిగ్గా అందని చోట 2 వాట్ల దాకా, అంటే 2,000 మిల్లీవాట్ల దాకా వెళ్లేవి. పైగా నీ పేస్‌మేకర్‌కు టైటానియం తొడుగు ఉంది, లోపల ఇలాంటి సిగ్నల్స్‌ను ఆపే ఫిల్టర్లూ ఉన్నాయి.

అయినా దూరం ఎందుకంటే, పేస్‌మేకర్ ముందు నీ గుండె కొట్టుకుందా లేదా అని చూస్తుంది. కొట్టుకుంటే ఊరుకుంటుంది, ఆలస్యమైతే తను ఒక దెబ్బ కొడుతుంది. సిగ్నల్ మరీ దగ్గరగా, జోరుగా ఉంటే దాన్నే గుండె చప్పుడు అనుకుని కొట్టాల్సిన దెబ్బ ఆపేసే అవకాశం ఉంటుంది. నీలా పుట్టుకతో హార్ట్ బ్లాక్ (గుండెను కొట్టించే కరెంటు సిగ్నల్ కిందికి సరిగ్గా అందకపోవడం) ఉన్నవాళ్లకు ఆ అవకాశం కూడా ఇవ్వకూడదు. కాస్త దూరం జరిపితే చాలు, సిగ్నల్ బలం గబగబా తగ్గిపోతుంది. ఇలాంటి మిషన్ల మాన్యువల్స్‌లో సాధారణంగా కనీసం 15 సెంటీమీటర్లు అని రాస్తారు. నువ్వు టేపు పట్టుకుని తిరగలేవు కాబట్టి జానెడు అని గుర్తుపెట్టుకో. బొటనవేలు పేస్‌మేకర్ మీద ఆనించి చెయ్యి పూర్తిగా చాపితే చిటికెన వేలు ఎక్కడ ఆగుతుందో అక్కడిదాకా గన్ రాకూడదు.

స్కాన్ చేసేటప్పుడు చెయ్యి ఎలాగూ ముందుకు చాపే ఉంటుంది, దానితో పేచీ లేదు. కార్టన్ ఎత్తడానికి రెండు చేతులూ కావాల్సి వచ్చినప్పుడే తంటా. గన్‌ను చంకలో ఇరికించుకుంటారు, చొక్కా జేబులో దోపుకుంటారు, తాడు కట్టి మెడలో వేలాడదీస్తారు. కోఠిలో మన షాపుకొచ్చే గోడౌన్ కుర్రాళ్లందరిదీ ఇదే అలవాటు. నీ పేస్‌మేకర్ ఎడమ వైపు ఉంది కాబట్టి గన్ కుడి చేత్తోనే పట్టుకో, పని లేనప్పుడు నడుముకు కుడి వైపు పౌచ్‌లో పెట్టుకో.

నాకు బ్లూటూత్ కంటే మాగ్నెట్ అంటేనే ఎక్కువ భయం. మొన్న నువ్వు ఇంటికొచ్చినప్పుడు నీ నేమ్ బ్యాడ్జ్ తీసి చూశాను. వెనక పిన్ను లేదు, వెండి రంగులో రెండు చిన్న బిళ్లలు ఉన్నాయి. బల్ల మీద పెడితే పక్కనున్న స్క్రూ దొర్లుకుంటూ వచ్చి టక్కున అతుక్కుంది. నియోడిమియం మాగ్నెట్ అది, చిన్నదైనా చాలా బలమైన రకం. స్పీకర్లు విప్పే చేతులు కాబట్టి దాని పట్టు నాకు తెలుసు. నువ్వు దాన్ని సరిగ్గా ఎడమ జేబు మీద పెట్టుకుంటున్నావు! మాగ్నెట్ దగ్గరకొస్తే పేస్‌మేకర్ గుండెను గమనించడం ఆపేసి, అవసరం ఉన్నా లేకున్నా ఒకే వేగంతో కొట్టడం మొదలుపెడుతుంది. తీసేస్తే మామూలవుతుంది, నిజమే. అలాగని షిఫ్టంతా అలా ఉండడం మంచిది కాదు. ఐసీడీ, అంటే గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చే పరికరం, ఉన్నవాళ్లకైతే అవసరమైన షాక్ కూడా ఆగిపోతుంది. రేపే అడిగి పిన్ను బ్యాడ్జ్ తీసుకో. గన్ పౌచ్ మూతకు, ఛార్జింగ్ స్టాండుకు కూడా మాగ్నెట్ ఉండొచ్చు, గుండుసూదితో చూసుకో. ఫోనూ అంతే. మాగ్నెట్లున్న కొత్త ఫోన్లను, స్మార్ట్ వాచీలను ఇలాంటి పరికరాలకు 6 అంగుళాల దూరంలో ఉంచాలని అమెరికాలో మందులనూ వైద్య పరికరాలనూ పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2021లోనే చెప్పింది. వైర్‌లెస్‌గా ఛార్జ్ అవుతున్న ఫోనైతే అడుగు దూరం ఉంచు.

స్టాక్ లెక్కకు ఆర్‌ఎఫ్‌ఐడీ గన్ (రేడియో సిగ్నల్‌తో ట్యాగులు చదివేది) ఇస్తే వెంటనే తీసుకోకు. బార్‌కోడ్ గన్‌లా కాదు, దూరం నుంచి ట్యాగులు చదవాలి కాబట్టి దాని పవర్ చాలా ఎక్కువ. పేస్‌మేకర్ క్లినిక్‌లో అడిగిన తర్వాతే పట్టుకో. మాల్స్‌లో దొంగతనం పట్టే సెన్సర్ గేట్ల దగ్గర ఆగకుండా నడిచిపో. మెట్రోలో చేతి డిటెక్టర్ ఛాతీ దగ్గర పెట్టబోతే పేస్‌మేకర్ కార్డు చూపించి, చేత్తో చెక్ చేయమను.

సూపర్‌వైజర్‌కు ఇంకా చెప్పలేదట కదా. జబ్బు మనిషి అనుకుంటారని నీ బెంగ, నాకు అర్థమవుతుంది. కానీ నీతో షిఫ్ట్ చేసేవాళ్లలో ఒక్కరికైనా తెలియాలి. నీకు కళ్లు తిరిగినా, గుండె దడదడలాడినా గన్ పక్కన పెట్టి దూరం జరగాలి. తగ్గకపోతే క్లినిక్‌కు ఫోన్ చేయాలి. స్పృహ తప్పితే 108కి ఫోన్ చేసేది వాళ్లే కదా. ఒంట్లో పేస్‌మేకర్ అమర్చుకున్న మొదటి మనిషి స్వీడన్‌కు చెందిన ఆర్నే లార్సన్. 1958లో పెట్టిన మొదటిది కొద్ది గంటలే పనిచేసింది. తర్వాత రెండు డజన్లకు పైగా మార్చుకుంటూ 2001 దాకా బతికాడు. దాన్ని తయారుచేసిన ఇంజనీరూ, ఆపరేషన్ చేసిన డాక్టరూ ఆయనకంటే ముందే పోయారు. ఇందులో సిగ్గుపడేది ఏముంది తల్లీ?

గన్ అడుగున స్టిక్కర్ ఉంటుంది, దాని మీద మోడల్ నంబర్ రాసుంటుంది. ఫోటో తీసి పంపు. మాన్యువల్ వెతికి, వచ్చే చెకప్‌లో టెక్నీషియన్‌కు చూపిద్దాం. షాపు మూసి నేనూ వస్తాను.

ఇట్లు,
మీ నాన్న