సరటోగా ఊటలను చూసి రండి

అయ్యా,

అమెరికాలోని పిల్లల దగ్గరకు వెళ్లే తల్లిదండ్రులు న్యూయార్క్ రాష్ట్రంలోని సరటోగా స్ప్రింగ్స్‌లో హై రాక్ అనే చిన్న పార్కును కూడా చూడాలని నా మనవి. ఊటనీటిలోని ఖనిజాలు తరతరాలుగా పేరుకుని అక్కడ పుట్టలాంటి రాతిదిబ్బ ఏర్పడింది. కుళాయి కింద గ్లాసు పట్టితే నీరు సోడాలా బుసబుస పొంగుతుంది. నోట పోసుకోగానే ఉప్పదనం, వెనువెంటనే ఇనుము రుచి తగులుతాయి. నాకు నచ్చింది గానీ, నా భార్య ఒక్క గుక్కతో ఆపేశారు.

ఒకప్పుడు బొగ్గుపులుసు వాయువు కోసం కంపెనీలు ఇష్టారాజ్యంగా తోడేయడంతో ఆ పట్టణపు ఊటలు సన్నగిల్లగా, 1909లో రాష్ట్ర ప్రభుత్వం రక్షణకు పూనుకోబట్టే ఈనాడు ఎవరైనా సీసా తెచ్చి ఉచితంగా నింపుకోగలుగుతున్నారు. వెంట మనవలుంటే ఈ సంగతి అక్కడే, ఆ దిబ్బ పక్కనే నిలబడి చెప్పండి.

ఇట్లు,
ఒక పాఠకుడు